‘సాంబారు బుడ్డి’కి అర్థమేంటి? తరగతి గదిలో నవ్వు గేయాలు చేసే పని

క్లుప్తంగా: నవ్వించే బాలగేయం బడిలో పనికొచ్చేది అందులో నీతి ఉన్నందుకు కాదు. మాటలో ఉన్న మెలికనూ, తలకిందులైన సంగతినీ పిల్లలు తామే పట్టుకుంటారు, అందుకు. గుణింతాలు, ఒత్తులు, యతిప్రాసలు ఉన్న తెలుగుకు ఈ గేయాలు చేసే మేలు ఇంగ్లిష్ రైమ్స్ చేసే మేలు లాంటిది కాదు. అలాగని పాట కంఠతా వస్తే చదవడం వచ్చినట్టు కాదు, పాత పాటలన్నీ ఇప్పటి తరగతికి పనికిరావు కూడా.

దాగుడుమూతల పాట చివర ఒక మాట వస్తుంది: ‘గప్‌చిప్ సాంబారు బుడ్డి’. పిల్లి, ఎలుక, దొంగలు ఉన్న పాటలోకి సాంబారు ఎలా వచ్చిందని ఏ పిల్లవాడూ అడగడు. అడిగేది పెద్దవాళ్లే. బాలగేయాలను తరగతిలోకి తేవడం మీద ఇప్పుడు నడుస్తున్న వాదమంతా దాదాపు ఈ ఒక్క తేడా దగ్గరే ఉంది.

వాదం మొదలవడానికి కారణాలు లేకపోలేదు. మూడో తరగతి అయ్యేలోపు పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జూలైలో ‘నిపుణ్ భారత్’ మొదలుపెట్టింది. తెలంగాణలో 2022లో అలాంటిదే ‘తొలిమెట్టు’ కార్యక్రమం వచ్చింది. అదే ఏడాది వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆటకు, పాటకు, కథకు పెద్దపీట వేసింది. ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా గేయాలకు మళ్లీ మంచి రోజులు వచ్చాయి. దాంతో రెండు రకాల ఫిర్యాదులు కూడా వచ్చాయి. క్లాసులో పాటలు పాడిస్తూ టైం పాస్ చేస్తున్నారని తల్లిదండ్రులు అంటున్నారు. పాట పాడించాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదని టీచర్లు అంటున్నారు. రెండో మాటలో ఎక్కువ నిజం ఉంది.

## చిలకమ్మను నిలదీసే పాట

అందరికీ తెలిసిన ‘చిట్టి చిలకమ్మా’నే చూద్దాం. ‘అమ్మ కొట్టిందా, తోటకెళ్లావా, పండు తెచ్చావా, గూట్లో పెట్టావా, గుటుక్కున మింగావా’. పాటంతా ప్రశ్నలే. చిలక ఒక్కదానికీ జవాబు చెప్పదు. అమ్మ కొట్టడం, తోటకెళ్లడం, పండు తేవడం ఒకే నడకలో మామూలుగా సాగిపోతాయి. పండును గూట్లో పెట్టడంతో చిలక బుద్ధిగా దాచుకుందనిపిస్తుంది. వెంటనే ‘గుటుక్కు’. దాచిన పండు క్షణంలో మాయం.

నవ్వు పుట్టేది ఆఖరి మాట దగ్గర. కానీ దాన్ని సిద్ధం చేసింది అంతకుముందు మాట. ‘గూట్లో పెట్టావా’ తీసేసి పాడితే పిల్లలు పాడతారు కానీ నవ్వరు. ఏ అంగన్‌వాడీలోనైనా పరీక్షించుకోవచ్చు. మూడేళ్ల పిల్లకు వివరించి చెప్పలేనంత మెలిక ఇది. ఒక పని జరుగుతుందని ఎదురుచూడటం, ఆ ఎదురుచూపు తప్పిపోవడం. కథ చదివి అర్థం చేసుకోవడానికి తర్వాత కావలసిన నేర్పు కూడా ఇదే.

పిల్లలు అసంబద్ధాన్ని చూసి ఎప్పుడు నవ్వుతారన్నది రష్యన్ బాలకవి కొర్నేయ్ చుకోవ్‌స్కీ తన ‘రెండు నుంచి అయిదు వరకు’ పుస్తకంలో చాలా శ్రద్ధగా పరిశీలించాడు. ఇంకా రెండేళ్లు నిండని ఆయన కూతురు ఒకరోజు వచ్చి, కుక్క ‘మ్యావ్’ అంటుందని చెప్పి పగలబడి నవ్విందట. ఆ మాటలో హాస్యం ఉండాలంటే కుక్క ఏమంటుందో, పిల్లి ఏమంటుందో ముందు గట్టిగా తెలిసుండాలి. తెలిసినదాన్ని తలకిందులు చేసి ఆడుకోవడమంటే దాని మీద పట్టు వచ్చిందని అర్థం. ఆవు గుడ్డు పెట్టిందని టీచర్ పాడితే ఒకటో తరగతి అంతా ‘కాదూ’ అని అరుస్తుంది. మామూలు ప్రశ్నకు చెయ్యెత్తని పిల్ల కూడా ఆ అరుపులో ఉంటుంది. టీచర్ని సరిదిద్దే అవకాశం మిగతా పీరియడ్లలో దొరకదు మరి.

## చెవి ముందు, కన్ను తర్వాత

పాటకూ చదవడానికీ సంబంధం ఏమిటన్నది అసలు ప్రశ్న. 1983లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండ్‌లో 400 మందికి పైగా పిల్లల మీద చేసిన అధ్యయనాన్ని ‘నేచర్’ పత్రిక ప్రచురించింది. నాలుగైదేళ్ల వయసులో ప్రాసను పోల్చుకోగల పిల్లలు తర్వాత చదవడంలో, స్పెల్లింగ్‌లో ముందున్నారు. విడి శబ్దాలను వినిపించుకునే చెవి ఉంటే ఆ శబ్దాలకు గుర్తులైన అక్షరాలు తేలికగా ఎక్కుతాయన్నది అందులోని సారం. ఇంగ్లిష్ రైమ్స్ ఇంతగా వాడుకలో ఉండటానికి వెనకున్న బలమైన వాదన ఇది.

దీన్ని యథాతథంగా తెలుగుకు తెచ్చేస్తే కుదరదు. ఇంగ్లిష్‌లో అక్షరం ఒక్కో ధ్వనికి గుర్తు. తెలుగులో ‘కీ’ అనే ఒక్క గుర్తులో హల్లూ ఉంది, అచ్చూ ఉంది. తెలుగు లిపికి తోబుట్టువు లాంటి కన్నడం మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో, పిల్లలకు అక్షరాలు పూర్తిగా పట్టుబడటానికి ఏళ్లు పడుతుందని, హల్లును అచ్చును విడదీసి వినగలగడం ఇంకా మెల్లగా వస్తుందని తేలింది. తెలుగు టీచర్లకు ఇది కొత్త సంగతేం కాదు. వర్ణమాల యాభై ఆరూ గడగడా చెప్పిన పిల్లవాడు ‘కొ’కూ ‘కో’కూ తేడా రాయలేక ఆగిపోతాడు. దీర్ఘాలు, ఒత్తులు, గుణింతాలు, ఇవే మన దగ్గర అసలు గండాలు.

సరిగ్గా అక్కడే నోరు తిరగని వాక్యాలు అక్కరకొస్తాయి. ‘కాకీక కాకికి కాక కేకికా’. లెక్కపెడితే పదకొండు అక్షరాలు, ఒక్కటే హల్లు. క, కా, కి, కీ, కే అన్న అయిదు రూపాలతోనే వాక్యమంతా అయిపోయింది. ‘కీ’ని పొట్టిగా పలికితే కాకి ఈక పోయి అర్థం చెడుతుంది. పిల్లలు పోటీపడి తప్పులు పలుకుతారు, నవ్వుతారు, మళ్లీ పలుకుతారు. కేకి అంటే నెమలి అని చెప్పాక ఒక్కసారిగా వాక్యం విడిపోతుంది: కాకి ఈక కాకిది కాక నెమలిదవుతుందా? క గుణింతం పలక మీద ఇరవై సార్లు దిద్దినా రాని శ్రద్ధ ఇక్కడ ఊరికే వస్తుంది. ‘లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా’ అన్నది ‘క్ష’ ఒత్తుకు అలాంటి మందే.

ఇంకొకటి, ఏ బడీ నేర్పనిది. పులి గిలి, అన్నం గిన్నం, బడి గిడి. నాలుగేళ్ల పిల్ల కూడా ‘కాకి’ అనగానే ‘గీకి’ అంటుంది, ‘గికి’ అనదు. మొదటి అక్షరం పొట్టిదైతే ‘గి’, పొడుగుదైతే ‘గీ’. అంటే మొదటి అక్షరాన్ని విడదీసి, దాని నిడివి కొలిచి, అంతే నిడివి ఉన్న కొత్తదాన్ని తగిలించడం ఆమెకు అప్పటికే వచ్చు. ఇంగ్లిష్ పిల్లలకు ప్రత్యేకంగా అభ్యాసాలు పెట్టి నేర్పేది దాదాపు ఇదే. మన పిల్లలకు పుట్టుకతో వచ్చినట్టున్న ఈ ఆటను ఒకటో తరగతి వాచకం అంతగా వాడుకోకపోవడం వింతే.

ఇక ప్రాస. ఇంగ్లిష్‌లో ప్రాస మాట చివర ఉంటుంది. తెలుగు పద్యంలో ప్రాస స్థానం పాదంలో రెండో అక్షరం. బుర్రుపిట్ట పాట చూడండి. ‘బుర్రుపిట్ట బుర్రుపిట్ట తుర్రుమన్నది’, రెండో అక్షరం ‘ర్రు’ కలిసింది. ‘అత్త తెచ్చిన కొత్తచీర కట్టనన్నది’లో అత్త, కొత్త. ఛందస్సులో దీన్నే ప్రాసయతి అంటారు. ‘మామ తెచ్చిన మల్లెమొగ్గ ముడవనన్నది’లో మా, మ కలిశాయి, పాదం మొదటి అక్షరం మధ్యలో మళ్లీ పలికింది, అది యతి. ‘అన్నది’తో ముగిసే అంత్యప్రాస సరేసరి. హైస్కూల్లో యమాతారాజభానసలగం అంటూ టెన్షన్ పెట్టే పాఠంలోని సరుకు సగం మూడేళ్లకే చెవిలో పడి ఉంది. ఆ పాఠం చెప్పేటప్పుడు బుర్రుపిట్టను గుర్తుచేసే వాళ్లు తక్కువ.

## అర్థం కావాల్సింది పెద్దలకే

‘కాళ్లా గజ్జా కంకాళమ్మ, వేగుచుక్క వెలగమొగ్గ’ పాట మీద వాట్సాప్‌లో ఏళ్లుగా ఒక వివరణ తిరుగుతోంది. కాళ్లకు గజ్జి వస్తే ఏ మొక్క వాడాలి, అది తగ్గకపోతే ఏం వాడాలి అన్న వైద్యమంతా పూర్వీకులు ఈ పాటలో దాచిపెట్టారట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పాటతో పిల్లలు ఆడే ఆటను చూస్తే విషయం వేరే. అందరూ కాళ్లు చాపుకుని వరసగా కూర్చుంటారు. ఒకరు ఒక్కో మాటకు ఒక్కో కాలు తాకుతూ పోతారు. ‘కాలు తీసి కడగా పెట్టు’ అన్న మాట ఎవరి కాలి మీద పడితే వాళ్లు కాలు ముడుచుకోవాలి. ఇది ఆటలో దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేయడం లాంటి లెక్కింపు పాట. ఊరికో మాట మారుతుంది. ఒకచోట గజ్జా, ఇంకోచోట గజ్జీ. ‘మొగ్గ కాదు మోదుగ’ అంటూ ముందు మాటను కాదని, అదే అక్షరంతో కొత్త మాటను ఎత్తుకోవడమే అందులోని తమాషా. పాటలో మొక్కల పేర్లున్నాయి కాబట్టి అది మందుల చీటీ అనుకోవడం, పనికిమాలిన పాట ఉండటానికి వీల్లేదన్న పెద్దరికం తప్ప మరేం కాదు.

ఈ పెద్దరికం మన ఒక్కరిదే కాదు. 1928 ఫిబ్రవరిలో లెనిన్ భార్య, సోవియట్ విద్యాశాఖలో ముఖ్యురాలు అయిన నదేజ్దా క్రూప్‌స్కాయా ‘ప్రావ్దా’ పత్రికలో చుకోవ్‌స్కీ రాసిన మొసలి గేయకథను తీవ్రంగా విమర్శించింది. పిల్లలకు మొసలి గురించి నాలుగు సంగతులు చెప్పకుండా ఈ పిచ్చిమాటలేమిటన్నది ఆమె అభ్యంతరాల్లో ఒకటి. తర్వాతి కాలంలో ఆ దేశం నుంచే బొమ్మల పిల్లల పుస్తకాలు తెలుగులోకి వచ్చి విశాలాంధ్ర కొట్లలో చవగ్గా అమ్ముడుపోయాయి.

తెలుగు బడిలో ఈ ధోరణి బలంగా ఉండటానికి చారిత్రక కారణం ఉంది. పందొమ్మిదో శతాబ్దపు పెద్దబాలశిక్ష దగ్గర్నుంచి పిల్లల పద్యం అంటే నీతిపద్యమే. శతకాలు కంఠతా పట్టడం, భావం చెప్పడం, అంతే. ఆ నీతిపద్యాల్లోనూ హాస్యం లేకపోలేదు. ఎలుక తోలు తెచ్చి ఏడాదిపాటు ఉతికే మనిషి వేమన పద్యంలో ఉన్నాడు. చిన్న తోలు ముక్క, బండ, సబ్బు లేని రోజులు, పన్నెండు నెలలు. ఆ బొమ్మ కళ్ల ముందు కట్టాక క్లాసు నవ్వకుండా ఉండదు. కానీ పాఠం ఆ మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగదు. ‘సహజ గుణం మారదని కవి భావం’ అని బోర్డు మీద రాసి తర్వాతి పద్యానికి వెళ్లిపోతుంది. నవ్వు గేయానికీ ఇదే గతి పడుతోంది. పాట అయిపోగానే ‘ఈ గేయం ద్వారా మనం ఏం తెలుసుకున్నాం’ అన్న ప్రశ్న. దానికి నిజమైన జవాబు ‘ఏమీ లేదు, నవ్వుకున్నాం’. ఆ జవాబుకు మార్కులు ఉండవు.

## కోతిమింగలం

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బెంగాలీలో సుకుమార్ రాయ్ 1923లో వచ్చిన ‘ఆబోల్ తాబోల్’లో రెండు జంతువులను అతికించి వింత జీవాలను పుట్టించాడు. హాంస్ అంటే బాతు, సజారు అంటే ముళ్లపంది. కలిపితే హాంస్‌జారు. బెంగాలీ బడిపిల్లలకు నూరేళ్లుగా అది ఇంటి జంతువు.

తెలుగులో ఈ ఆట ఇంకా బాగా సాగుతుంది, ఎందుకంటే మనకు అక్షరాలు హల్లూ అచ్చూ కలిసిన గుత్తులుగా ఉంటాయి. కోతి, తిమింగలం కలిస్తే కోతిమింగలం. ఏనుగు, గుర్రం కలిస్తే ఏనుగుర్రం. నక్క, కంగారు కలిస్తే నక్కంగారు. ఒక మాట చివరి అక్షరం, రెండో మాట మొదటి అక్షరం ఒకటే అయితే చాలు. బోర్డు మీద పదిహేను జంతువుల పేర్లు రాసి వదిలేస్తే మూడో తరగతి పిల్లలు జతలు వాళ్లే వెతుక్కుంటారు. బొమ్మ వేయమంటే కోతిమింగలానికి తోక ఎక్కడుండాలన్న దాని మీద కొట్టుకుంటారు. అది ఏం తింటుంది, ఎలా అరుస్తుంది అని అడిగితే గేయం తయారైపోతుంది. ఇందులో ఎవరో ఒకరు ‘ఆవు, ఉడుత’ అంటారు. ఆవుడుత. అక్షరాలు ఒకటి కావు, అయినా కలిశాయి. ఎందుకు కలిశాయో చెప్పడానికి ఆ రోజు పేరు పెట్టక్కర్లేదు. హైస్కూల్లో ఉత్వ సంధి వచ్చినప్పుడు ఆవుడుతను గుర్తుచేస్తే సరిపోతుంది.

## మొట్టికాయ సమస్య

బుర్రుపిట్ట పాట చివరి పాదం పైన కావాలనే వదిలేయడం జరిగింది. కొత్తచీర వద్దని, మల్లెమొగ్గ వద్దని చివరికి ఆ పిట్ట ‘మొగుడిచేత మొట్టికాయ తింటానన్నది’. హాస్యం ఎక్కడుందో స్పష్టమే, మంచివన్నీ వద్దని దెబ్బ కోరుకోవడం. మొగుడు పక్కన మొట్టికాయను తెచ్చింది ‘మొ’ అన్న యతి. కానీ ఇంట్లో రోజూ తల్లి దెబ్బలు తినడం చూసే పిల్లలు ఆ తరగతిలోనే ఉంటారు. వాళ్ల ముందు ఇది నవ్వులాట కాదు.

2021 మే నెలలో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ అప్పటి ఒకటో తరగతి హిందీ పుస్తకంలోని ‘ఆమ్ కీ టోకరీ’ (మామిడిపళ్ల బుట్ట) గేయం మీద సోషల్ మీడియాలో పెద్ద గొడవ అయింది. ఆరేళ్ల పిల్ల తలమీద మామిడిపళ్ల బుట్ట మోయడం బాలకార్మిక వ్యవస్థ కాదా అన్నది ఒక అభ్యంతరం. ఆ పిల్లను ‘ఛోకరీ’ అన్న మాట మర్యాదగా లేదన్నది ఇంకొకటి. అక్కడా జరిగింది ఇదే, టోకరీకి ప్రాస వెతికితే ఛోకరీ దొరికింది. ప్రాస తనకు కావలసిన మాటను లాక్కొస్తుంది, ఆ మాట వెంట వచ్చే బరువును అది చూసుకోదు.

పాటను పూర్తిగా నిషేధించడం ఒక దారి. ఆఖరి పాదాన్ని ఖాళీగా ఉంచి, ‘మొ’తో మొదలయ్యేదేదైనా పెట్టమని పిల్లలకు వదిలేయడం ఇంకో దారి. మొక్కజొన్న పొత్తు కావాలని ఒకరంటారు, మొసలి మీద ఎక్కి ఊరేగుతానని ఇంకొకరంటారు. యతి నిలుస్తుంది, మొట్టికాయ పోతుంది, పైగా పిల్లలు ఒక పాదం కట్టినట్టవుతుంది. అన్ని పాటలకూ ఈ ఉపాయం పనిచేయదు. బోడిగుండు, నల్లరంగు, లావు శరీరం, నత్తి, కులం పేరు, వీటి మీద కట్టిన ఎగతాళి పాటల్లో నవ్వు మొత్తం అవతలివాడి మీదే నిలబడి ఉంటుంది. దాన్ని తీసేస్తే పాటలో ఏమీ మిగలదు. అవి బడి గేటు బయట ఉండటమే మేలు.

నోరు తిరగని వాక్యాలతోనూ ఒక జాగ్రత్త ఉంది. ఒక్కొక్కరినీ లేపి పలికిస్తే నత్తి ఉన్న పిల్లవాడు ఆ రోజంతా నవ్వులపాలవుతాడు. అదే అందరితో కలిసి పలికేటప్పుడు నత్తి చాలామందిలో బాగా తగ్గుతుంది. వాక్చికిత్స చేసేవాళ్లకు బాగా తెలిసిన సంగతి ఇది. కాబట్టి ‘కాకీక’ను బృందంగా పలికించడమే సరైన పద్ధతి.

## పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదివేవాళ్లు

తల్లిదండ్రుల అనుమానంలో నిజం ఉన్న చోటు ఇది. పాట నోటికి వచ్చిన పిల్ల పేజీ మీద వేలు పెట్టి గడగడా ‘చదివేస్తుంది’. వేలు మూడో మాట మీద ఉంటే నోరు ఏడో మాట దగ్గర ఉంటుంది. చూసేవాళ్లకు చదువు వచ్చేసినట్టే ఉంటుంది. నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవడం ఒకటి. కంఠస్థం చేసిన గేయంతో ఆ వేగాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది. కొలత తెలియని పాఠంతోనే జరగాలి.

గేయాన్ని చదువు వైపు మళ్లించడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. పాదాలను కాగితపు ముక్కల మీద వేరువేరుగా రాసి, కలిపేసి, వరసగా పేర్చమనాలి. పాట తెలుసు కాబట్టి వెతకాల్సిన మాట ఏదో పిల్లకు తెలుసు, దాన్ని కంటితో పట్టుకోవడమే పని. తర్వాత ఒక ముక్కలో ఒక్క అక్షరం మార్చి పెట్టాలి. ‘పండు తెచ్చావా’ బదులు ‘గుండు తెచ్చావా’. చదివేవాళ్లు మాత్రమే నవ్వుతారు. నోటికి వచ్చింది అప్పజెప్పేవాళ్లు ఏమీ గమనించకుండా దాటిపోతారు. ఎవరికి చదవడం వచ్చిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా నొప్పిలేని పరీక్ష దొరకడం కష్టం. అయితే నలభై మంది ఉన్న గదిలో, అయిదు తరగతులకు ఒకే టీచర్ ఉన్న బడిలో ఈ ముక్కలు కోయడానికి తీరిక ఎక్కడిదన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు గేయం దగ్గర జవాబు లేదు.

## ఎవరి తెలుగులో నవ్వు?

హాస్యం మాండలికం మీద ఆధారపడుతుంది. ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల. మిగతా చోట్ల గుంట అంటే గొయ్యి. ‘గుంట పరిగెత్తింది’ అన్న పాదానికి శ్రీకాకుళంలో ఎవరూ నవ్వరు, గుంటూరులో అందరూ నవ్వుతారు. వాచకం ఒకటే కాబట్టి ఏదో ఒక ప్రాంతపు పిల్లలకు నవ్వు అందకుండా పోతుంది. ఆ ఊరి పాటను ఆ ఊరి బడిలో వాడుకునే వెసులుబాటు టీచర్‌కు ఉండటమే దీనికి విరుగుడు. కోయ, గోండు, సవర పిల్లల సంగతి ఇంకా కష్టం. వాళ్లకు తెలుగు బడిలో కొత్తగా నేర్చుకునే భాష. మాటల మెలిక మీద ఆధారపడ్డ హాస్యం మొదటి ఏడాది వాళ్లను ఇంకా దూరం పెడుతుంది. కుక్క ‘మ్యావ్’ అన్నట్టు బొమ్మతో, చేష్టతో తెలిసే తలకిందుల పాటలు మాత్రం వెంటనే అందుతాయి, వాళ్ల భాషలోని పాటతో మొదలుపెడితే మరీ మంచిది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్కారు బడులు ఇంగ్లిష్ మీడియం వైపు జరిగాక తెలుగు ఒక్క సబ్జెక్టుగా మిగిలింది. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. రోజుకు ఒక్క తెలుగు పీరియడ్ ఉన్నప్పుడు సిలబస్ అయిపోవాలన్న కంగారులో ముందు కోతపడేది పాటకే. అమెరికాలో సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన మనబడి లాంటి వారాంతపు తరగతుల్లో పరిస్థితి అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అక్కడి పిల్లలకు తెలుగు వినబడేదే తక్కువ, కాబట్టి ‘గుటుక్కు’, ‘తుర్రు’ లాంటి మాటలను చేత్తో, ముఖంతో చేసి చూపితే తప్ప నవ్వు రాదు. తెలుగు మాటలు చాలా రాని ఆ పిల్లలు కూడా ‘పిజ్జా గిజ్జా’ అంటుంటారు.